అగ్గిపుల్లలచే నాట్యమాడించిన ఫాల్కేగారు

ఉదయగిరి దుర్గపాదమునను ఆత్మకూరు పరిసరములందును పెరిగి వృద్ధులైనవారిని బాల్యమున నేమి వేడుకలు చూచితిరని యడిగినచో, వారు సామాన్యముగా రెండు తెరలను జ్ఞాపకమునకు తెచ్చుకొందురు. మొదటిది తోలుబొమ్మలవారి తెల్లపంచెల తెర. పంట ఇంటికి చేరిన పిదప ఊరిబయట పందిరివేసి, తెరవెనుక ఆముదపు దీపములు వెలిగించి, రాత్రి భోజనములైన తరువాత మొదలుపెట్టిన రామాయణము కోడికూతకు గాని ముగిసెడిది కాదు. రెండవది డేరాసినిమా తెర. ఇసుకలో చతికిలబడి చూచిన ఆ తెరపైన అసలు కథకు ముందు సర్కారువారి వార్తాచిత్రమును, అదృష్టము పండిననాడు చేతితో గీసిన బొమ్మలు పరుగులెత్తు ఒక చిన్న చిత్రమును పడెడివి. పెద్దకథలోని కష్టములను మఱచిపోయినవారు సయితము ఆ చిన్నచిత్రములోని పిల్లియు ఎలుకయు చేసిన అల్లరిని నేటికిని మఱవలేదు.

ఈ రెండు తెరలకును గల చుట్టరికము పైకి కనబడుదానికంటె దగ్గఱిది. తోలుబొమ్మలాటలో సీతాపహరణము నడచుచుండగా కథ నిలిపి జుట్టుపోలిగాడును బంగారక్కయు తెరమీదికి దూకి, కొట్టుకొని తిట్టుకొని జనమును నవ్వించి పోవుదురు. కేతిగాడు వచ్చి ఊరి మోతుబరులను సయితము విడువక పరిహసించును. వారి చేతులు సాగును, తలలు ఊగును, ఎన్ని దెబ్బలు తగిలినను వారికి చావు లేదు. అమెరికా దేశపు కార్టూను చిత్రములలోని జంతువులకును ఇదియే ధర్మము. కావున మన మెట్టతాలూకాల పిల్లవాండ్రకు ఆ చిత్రములు పరాయివిగా తోచలేదు. పాతచుట్టము కొత్తబట్టలతో వచ్చినట్లు తోచెను.

కార్టూను చిత్రమనగానే అందఱకును వాల్టు డిస్నీగారి మిక్కీ యెలుక స్ఫురించును. ఆ యెలుకను లోకమున ప్రసిద్ధికి తెచ్చిన స్టీంబోట్ విల్లీ యను చిత్రము 1928వ సంవత్సరము నవంబరులో వెలువడెను. అంతకు పదుమూడేండ్లు ముందే, 1915లో, మన దేశమున ఒక మహారాష్ట్రుడు అగ్గిపుల్లలను తెరపై ఆడించెనని ఎందఱకు తెలియును? ఆయన ధుండిరాజ గోవింద ఫాల్కేగారు. దేశమాయనను దాదాసాహేబు అని పిలిచినది, భారతీయ చలనచిత్రమునకు పితామహుడని కొనియాడినది, సర్కారువారి అత్యున్నత చలనచిత్ర పురస్కారమునకు ఆయన పేరు పెట్టినది. ఇంత గౌరవించియు మనము మఱచిన సంగతి యొకటి కలదు. ఆయన తెరకెక్కించి చూపిన తొలివీరుడు హరిశ్చంద్రుడు కాడు. ఒక బఠానీ మొలక.

1870వ సంవత్సరము ఏప్రిలు 30వ తేదీన నాసికకు సమీపమున, గోదావరి పుట్టుచోటైన త్ర్యంబకమున ఫాల్కేగారు జన్మించిరి. తండ్రి సంస్కృత పండితుడు. బొంబాయి విల్సను కళాశాలలో ఆయనకు అధ్యాపకపదవి లభింపగా కుటుంబము ఆ పట్టణము చేరెను. శాస్త్రపాండిత్యము వంశానుగతముగా రావలసిన బాలునకు మనసు చిత్రలేఖనముమీదికి పోయెను. 1885లో జె.జె. చిత్రకళాశాలలో ప్రవేశించి, పిమ్మట బరోడా కళాభవనమున చిత్రలేఖనము, ప్రతిమానిర్మాణము, శిల్పశాస్త్రము, ఛాయాగ్రహణము మున్నగువాని నభ్యసించిరి. ఇన్ని విద్యలవెంట బడిన యువకుని చూచి ఆనాటి లౌకికులు నిలుకడలేనివాడని తలపోసియుందురు. తరువాతి జీవితమును చూడగా ఆ విద్యలలో నొక్కటియు వృథాపోలేదు.

గోధ్రాపట్టణమున ఛాయాచిత్రశాల పెట్టి జీవింపసాగిరి. అంతలో ప్లేగు వచ్చి భార్యను, బిడ్డను కొనిపోయెను. ఆయన ఆ ఊరు విడిచి బరోడాకు మరలిరి. ఛాయాచిత్రములు తీయించుకొన్నచో ఆయువు క్షీణించునను మూఢవిశ్వాసము జనులయందు ప్రబలియున్న కాలమది, వృత్తి సాగలేదు. నాటకశాలలకు తెరలు వ్రాసిరి. ఇంద్రజాలము నేర్చి, తన యింటిపేరులోని యక్షరములను తలక్రిందులు చేసి కేల్ఫా యను పేరుతో గారడీలు చూపిరి. ఈ గారడీ సంగతి జీవితచరిత్రకారులు చమత్కారముగా చెప్పి దాటిపోవుదురు గాని మాకు ముఖ్యముగా తోచుచున్నది. చూచువాని కన్ను ఎచ్చట మోసపోవునో, ఎంతసేపటికి మోసపోవునో గారడీవానికి తెలిసినంతగా మఱి యెవనికిని తెలియదు. నిలిచియున్న వస్తువు నడచినట్లు భ్రమింపజేయు విద్యకు అదియే బీజము.

ద్వితీయ వివాహమున సరస్వతీబాయి ఇల్లాలై వచ్చిన తరువాత, 1903లో, సర్కారువారి పురావస్తుశాఖలో చిత్రకారుని ఉద్యోగము దొరకెను. నెలజీతము, పెన్షను, గౌరవము గల కొలువు. 1905లో వంగరాష్ట్ర విభజనముతో స్వదేశోద్యమము దేశమంతటను ప్రజ్వరిల్లినప్పుడు ఫాల్కేగారికి పరప్రభుత్వపు కొలువు రుచింపలేదు. ఉద్యోగమునకు రాజీనామా యిచ్చి లోనావాలాలో అచ్చుపని, చిత్రముల చెక్కడపుపని చేయు కార్ఖానా స్థాపించిరి. రవివర్మగారి చిత్రపటములను అచ్చొత్తు ముద్రణాలయముతో ఆయనకు సంబంధము కలిగెను. మన పల్లెటూళ్ళ దేవునిమందసములలోను కచేరీసావళ్ళలోను వ్రేలాడిన లక్ష్మీసరస్వతుల పటములు అట్టి ముద్రణాలయములనుండి వచ్చినవే. 1909లో జర్మనీ దేశమునకు పోయి అచ్చుయంత్రములు కొనివచ్చిరి. భాగస్వాములతో మాత్రము పొసగలేదు. ముద్రణాలయమును విడిచి బయటికి వచ్చునాటికి ఆయనకు నలుబదియేండ్లు నిండినవి, చేతిలో వృత్తి లేదు.

1911లో ఈస్టరు పండుగ దినములలో బొంబాయి గిర్గాములోని యొక పటప్రదర్శనశాలలో ఆయన క్రీస్తు జీవితచిత్రమును చూచిరి. తెరపై క్రీస్తు నడచుచుండగా ఫాల్కేగారి మనసునందు రాముడును కృష్ణుడును నడచుచుండిరి. మఱునాడు భార్యను వెంటబెట్టుకొనిపోయి మరల చూచిరి. అది మొదలు నెలల తరబడి చేతికి దొరకిన చిత్రమునెల్ల చూచుచు, ఫిలిము తునకలను పరీక్షించుచు, నిద్ర మానిరి. తత్ఫలితముగా కన్నులు మూతబడినవి. వైద్యుని చికిత్సచేతను, కంటద్దములచేతను చూపు తిరిగి వచ్చెను. భార్య తోడుగా నిలువనిచో ఈ చరిత్ర ఇచ్చటనే ముగిసియుండును.

తెలుగువారికి ఇచ్చట ఒక సాటి మనిషి జ్ఞాపకమునకు రావలెను. మచిలీపట్టణమున జన్మించి చెన్నపురిలో ఛాయాచిత్రవృత్తి చేయుచుండిన రఘుపతి వెంకయ్యగారు వయసున ఫాల్కేగారికంటె ఒక్కయేడు పెద్ద. ఇంచుమించు ఆ దినములయందే ఆయనయు వృత్తిని ప్రక్కకు నెట్టి, విదేశపు యంత్రము తెప్పించి, డేరావేసి ఊరూర చిత్రములు చూపిరి. చెన్నపురిలో గెయిటీ యను ప్రదర్శనశాలను కట్టించిరి. కుమారుడు ప్రకాశుగారు 1921లో భీష్మప్రతిజ్ఞను తీసిరి. ఫాల్కే, వెంకయ్యగార్లు ఇరువురును చివరి దినములలో ధనహీనులైరి. ఇద్దఱి కథలను కలిపి చెప్పుకొనుట మనకింకను అలవాటు కాలేదు.

ఫాల్కేగారు తమ జీవితభీమా పత్రమును తాకట్టుపెట్టి ఋణము తెచ్చి 1912వ సంవత్సరము ఫిబ్రవరిలో లండనుకు ప్రయాణమైరి. ఆ నగరమున పరిచితులు లేరు. చలనచిత్ర వారపత్రిక యొకదాని కార్యాలయమునకు నేరుగా పోయి సంపాదకుని కలిసికొనిరి. ఆ సంపాదకుడు మొదట వారించి, పట్టుదల చూచి మెత్తబడి, సెసిలు హెప్‌వర్తు అను చిత్రనిర్మాత కడకు పంపెను. హెప్‌వర్తుగారు తమ చిత్రశాలలోని సమస్తమును దాచక చూపిరి. పరాయిప్రభుత్వముపై కోపమున కొలువు విడిచిన మనిషికి ఆ దేశపు పనివారు ఇట్లు విద్య చెప్పిరి. ఈ సంగతిని ఫాల్కేగారు కృతజ్ఞతతో తలచుకొనుచుండెడివారు. మనము దాచుట న్యాయము కాదు. విలియంసన్ కెమేరాను, ఫిలిముకు రంధ్రములు వేయు యంత్రమును కొని ఏప్రిలు నెలలో ఇంటికి చేరిరి.

ఇక కథ తీయుటకు ద్రవ్యము కావలెను. కదలుబొమ్మలమీద ధనము పెట్టుటకు ఏ వర్తకుడు ముందుకు వచ్చును? అప్పుడు ఫాల్కేగారు ఒక కుండీలో బఠానీగింజను నాటి, ఎదుట కెమేరాను కదలకుండ నిలిపి, నియమితకాలములయందు ఒక్కొక్క బొమ్మ చొప్పున నెలకు పైగా తీయుచు పోయిరి. ఆ కాలపు చిత్రములు తెరపై సెకండునకు పదునాఱు బొమ్మల వంతున నడిచెడివి. నిమిషమునకు 960 బొమ్మలు. నెలదినములలో ఒక్క నిమిషపు చిత్రము సిద్ధము కావలెననిన దినమునకు ముప్పదికి పైగా తీయవలెను. ఒక్కపూట మఱచినను, ఎవరైన కుండీని అంగుళము జరిపినను తెరపై మొక్క ఉలికిపడును. ఈ తపస్సు ముగిసిన పిదప ఋణదాతలను పిలిచి దీపమార్పి చూపగా, గింజ పగిలి, మొలక తలయెత్తి, ఆకులు విప్పి, తీగసాగి నిమిషములో మొక్కయై నిలిచెను. నెలదినముల కాలమును నిమిషములో మడిచిన ఆ మనిషిని వర్తకుడు నమ్మెను. అంకురవృద్ధి యని పేరుగల ఆ చిన్నచిత్రమే భారతీయ చలనచిత్రమునకు మూలధనము. సేద్యము చేయువారికి ఇందు విశేషముగా సంతోషము కలుగవలెను. మన సినిమా మొట్టమొదట చెప్పినది విత్తనము మొలకెత్తిన కథ.

రాజా హరిశ్చంద్ర సంగతి లోకవిదితము గనుక క్లుప్తముగా చెప్పి విడిచెదము. సరస్వతీబాయిగారి నగలు తాకట్టుకు పోయినవి. రంధ్రములు లేక వచ్చు ముడిఫిలిముకు చీకటిగదిలో రాత్రులు రంధ్రములు వేసినది, కడిగినది, పనివారందఱకు వండి వడ్డించినది ఆమెయే. తారామతి వేషమునకు స్త్రీలెవరును రాకపోగా భోజనశాలలో వంట చేయుచుండిన సాళుంకే యను యువకుడు ఆ వేషము కట్టెను. రోహితాశ్వుడు ఫాల్కేగారి కుమారుడు. 3,700 అడుగుల ఆ చిత్రము 1913వ సంవత్సరము మే 3వ తేదీన గిర్గాములోని కారొనేషను ప్రదర్శనశాలలో ప్రజల యెదుట నిలిచెను. తరువాత నాసికకు నివాసము మార్చి మోహినీ భస్మాసుర, సత్యవాన్ సావిత్రి చిత్రములను తీసిరి. ఆ మూడింటిని తీసికొని 1914లో మరల లండనుకు పోయిరి. అచ్చటివారు మెచ్చుకొని అచ్చటనే యుండి పనిచేయుమని కోరిరి, ఆయన అంగీకరింపలేదు.

తిరిగి వచ్చునప్పటికి ఐరోపాయుద్ధము చెలరేగెను. ముడిఫిలిముకు కరవు వచ్చినది. ధనమిచ్చెదమన్నవారు వెనుకకు తగ్గిరి. పెద్దకథ తీయుటకు ఫిలిము చాలదు. చేతులు ముడుచుకొని కూర్చుండుటకు మనసు చాలదు. అట్టి గడ్డుదినములయందు వెలువడినది అగ్గిపుల్లల చిత్రము. మరాఠీలో దాని పేరు ఆగకాడ్యాంచీ మౌజ్. మన మాటలో అగ్గిపుల్లల వేడుక. వేషగాండ్రకు జీతములు లేవు, కోటలు కట్టనక్కఱలేదు, తిండి పెట్టనక్కఱలేదు. దమ్మిడీవస్తువు నటుడైనది. అదే కోవలో నాణెములచే ముగ్గులు పెట్టించిన లక్ష్మీచా గాలీచా యను చిత్రమును, జడవస్తువులను ఆడించిన విచిత్రశిల్పమును తీసిరి. ఫ్రాన్సు దేశమున ఎమిలు కోలుగారు 1908లోనే అగ్గిపుల్లలను ఆడించియుండిరి. ఊహ అచ్చటినుండి వచ్చినను రావచ్చును. చేసినది మాత్రము మనదేశపు చేయి.

ఆ పని ఎట్టిదో తెలియని వారికి కొంచెము చెప్పవలెను. బల్లమీద పుల్లలను పేర్చి ఒక్క బొమ్మ తీయవలెను. చేయి చాచి ఒక పుల్లను నూలుపోగంత జరిపి, చేయి తెరకు పడకుండ తీసివేసి, మరల నొక్క బొమ్మ. మరల జరిపి మఱియొకటి. పుల్ల లేచి నిలిచి నమస్కరించుటకు రెండు సెకండ్లు పట్టినచో ముప్పదిరెండుమాఱులు ఈ తంతు నడపవలెను. నడుమ దగ్గినను, గాలి వీచినను మొదటికి వచ్చును. తోలుబొమ్మలవాడు తెరవెనుక నిలిచి బొమ్మ నాడించునప్పుడు వాని పాదము తాళము వేయును, నోరు పద్యము చదువును, జనము నవ్విన నవ్వు చెవిని పడును. ఆ నవ్వును బట్టి పోలిగాడు ఇంకొక దెబ్బ ఎక్కువ తినును. అగ్గిపుల్లల నాడించువానికి ఆ సుఖము లేదు. వాడు నిశ్శబ్దమున నొంటిగా వారములు గడపిన తరువాత గాని ఆట ఆడినదో లేదో వానికే తెలియదు. ఐనను మూలవిద్య యొక్కటే. మేకతోలును చిక్కగాచి పలుచన చేసి, రంధ్రములు పొడిచి, రంగు లద్ది, భుజముల యొద్దను మోచేతుల యొద్దను మోకాళ్ళ యొద్దను దారముతో బిగించి, ప్రాణము లేని తోలునకు నడక నేర్పిన తాతలు మన నెల్లూరు, అనంతపురము జిల్లాలలో తరతరములుగా నుండిరి.

మఱియొక విచిత్రము కలదు. ఆంధ్రదేశపు తోలుబొమ్మలవారిలో పెక్కు కుటుంబములకు ఇంటిలో మాటాడు భాష మరాఠీ మాండలికము. రంగముమీద రంగనాథరామాయణపు ద్విపదలు పాడుదురు, పోలిగానిచే పక్కా పల్లెతెలుగు పలికింతురు; తెరవెనుక ఆలుబిడ్డలతో మాటాడునది మరాఠీ. ఏ కాలమున వారి పూర్వులు దక్షిణమునకు వచ్చి తెలుగు గ్రామములలో కుదురుకొనిరో యేమో, ఫాల్కేగారి మాతృభాషయు ఉదయగిరి తాలూకాలో బొమ్మ నాడించిన వాని మాతృభాషయు ఒకే కొమ్మకు పూచినవి. దీనినిబట్టి ఫాల్కేగారు తోలుబొమ్మలనుండి నేర్చిరని చెప్పుట మా యుద్దేశము కాదు. రాష్ట్రములకు ఎల్లలు గీసికొని ఇది మీది, అది మాది యని పంచుకొను మనకు కళలు అట్లు పంచబడలేదని మాత్రము తెలియుచున్నది.

యుద్ధకాలముననే, 1917లో, లంకాదహన్ వెలువడెను. తారామతి వేషము కట్టిన సాళుంకేయే ఇందు రాముడును సీతయు నైరి. హనుమంతుడు ఆకాశమున కెగయుటయు లంక మండుటయు చూచుటకు జనము విరుగబడెను. వచ్చిన నాణెములను గోతాములలో కట్టి ఎద్దుబండ్లమీద తోలిరని ప్రతీతి. హనుమంతుని ఆకాశమున నిలిపిన నేర్పు ఎచ్చటనుండి వచ్చినది? ఒక్కొక్క బొమ్మను విడివిడిగా లెక్కించి తీయు ఓర్పునుండి, అగ్గిపుల్లలతో కూర్చున్న రాత్రులనుండి. ఈ చిన్నచిత్రములను పెద్దచిత్రముల నడుమ పొద్దుపోక చేసిన ఆటలని కొందఱు భావింతురు. మా యభిప్రాయమున పెద్దచిత్రములలోని మహిమలన్నింటికి అవియే సాధనశాల. అదే యేట చలనచిత్రములు ఎట్లు తయారగునో చూపు చిత్రము నొకదానిని తీసి, తమ విద్యను తాళము వేయక దేశమున కంతకు వెల్లడించిరి.

లోకమాన్య తిలకుగారి వంటి పెద్దలు ఫాల్కేగారి పనియందు ఆదరము చూపిరి. 1918 జనవరి 1వ తేదీన బొంబాయి వర్తకుల భాగస్వామ్యముతో నాసికలో హిందూస్థాన్ సినిమా ఫిలింసు కంపెనీ ఏర్పడెను. శ్రీకృష్ణజన్మయు, 1919లో కాలియమర్దనమును వచ్చినవి. రెండవదానిలో చిన్నికృష్ణుడు ఆయన కుమార్తె మందాకిని. కాని లెక్కలు చూచు భాగస్వాములకును, బొమ్మలు చూచు ఫాల్కేగారికిని పొత్తు కుదరలేదు. ముద్రణాలయము నాడు జరిగినదే మరల జరిగెను. ఇందు తప్పంతయు వర్తకులదే యని మేము చెప్పజాలము. ఆయనకు ఖర్చు విషయమున చేతికి అడ్డు లేదు, మాట విషయమున వంగుట లేదు. విసిగి కాశీవాసమునకు పోయి అచ్చట రంగభూమి యను నాటకము వ్రాసిరి. తరువాత కంపెనీకి మరలివచ్చినను పూర్వపు వైభవము రాలేదు. 1931లో మన తెరకు మాట వచ్చెను. 1932లో ఆయన తీసిన సేతుబంధనము మూకచిత్రముగా తయారై, కాలము మారుటచే తరువాత మాటలు చేర్పించుకొనవలసివచ్చెను. అఱువదియేడేండ్ల వయసున, 1937లో, కొల్హాపురమున గంగావతరణము తీసిరి. అదియే ఆయన మాటాడు చిత్రము, అదియే కడపటిది.

1939లో బొంబాయిలో భారతీయ చలనచిత్ర రజతోత్సవము జరిగినప్పుడు సాటి నిర్మాతలు కొంత ద్రవ్యము ప్రోగుచేసి యిచ్చిరి. కోట్లు తిరుగు పరిశ్రమను స్థాపించిన మనిషికి అది చందా. 1944వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన నాసికలో డెబ్బదిమూడేండ్ల వయసున ఫాల్కేగారు పరమపదించిరి. వారు పుట్టిన నూఱవయేట, 1969లో, కేంద్రప్రభుత్వమువారు పురస్కారమును నెలకొల్పిరి. తెలుగువారిలో బి.యన్. రెడ్డి, యల్.వి. ప్రసాదు, బి. నాగిరెడ్డి, అక్కినేని నాగేశ్వరరావు, డి. రామానాయుడు, కె. విశ్వనాథ్ గార్లు దానిని పొందిరి.

పురస్కారము మిగిలినది, చిత్రములు మిగులలేదు. ఫాల్కేగారు తీసిన నూటికి మించిన చిత్రములలో నేడు తునకలుగా దొరకునవి కొన్నియే. ఆ కాలపు నైట్రేటు ఫిలిము నిప్పురవ్వ తగిలిన భగ్గుమనును, తగులకున్నను ఉక్కబోతకు కరగి జిగురై పోవును. అందలి వెండికొఱకు పాతఫిలిమును కరగించి అమ్ముకొన్నవారును కలరు. 1964లో పూనాయందు జాతీయ చలనచిత్ర భాండాగారము ఏర్పడి, పి.కె. నాయరుగారు ఇల్లిల్లు తిరిగి రీళ్ళు సేకరించునప్పటికే ఆలస్యమైనది. కాలియమర్దనము చాలవఱకు దక్కెను. హరిశ్చంద్రలో నిలిచియున్న రీళ్ళు ఆయన 1917లో మరల తీసిన ప్రతివని పరిశోధకుల తలంపు. అగ్గిపుల్లల చిత్రము నిలువలేదు. మన దేశపు తొలి ఆటబొమ్మల చిత్రమును చూచిన కన్నులు నేడు లేవు. చూడగోరు కన్నులకు చిత్రము లేదు.

ఆ విద్య కూడ ఆయనతో కొంతకాలము పండుకొన్నది. 1934లో కలకత్తాయందు గుణమయ బెనర్జీగారు బఠానీ సోదరులను పేరుగల చిన్న కార్టూను చిత్రము తీసిరి. చూడుడు, మరల బఠానీయే వచ్చినది! సర్కారువారి ఫిలింసు డివిజనులో కార్టూను శాఖ ఏర్పడునప్పటికి 1956 అయ్యెను. అందుకు శిక్షకుడుగా వచ్చిన క్లెయిర్ వీక్సుగారు మన దేశముననే క్రైస్తవ మతబోధకుల యింట పుట్టి, డిస్నీగారి చిత్రశాలలో బాంబి మున్నగు చిత్రములకు పనిచేసినవారు. వారి యాజమాన్యమున 1957లో జాతకకథను తీసికొని మఱ్ఱిలేడి చిత్రము వెలువడెను. ఆ శాఖవారి చిన్నచిత్రములు తెలుగుమాటలతో గూడ తయారై వార్తాచిత్రములతోపాటు ఊరూరి ప్రదర్శనశాలలకు పోయినవి. రైలుకూత వినని మెట్టపట్టణములలో పిల్లలు ఇసుకనేలపై కూర్చుండి చూచిన కదలుబొమ్మలలో ఇట్టివియు కలవు. డిస్నీచిత్రశాలలో నేర్చిన విద్య ఫాల్కేగారి దేశమునకు వచ్చి బోధిసత్త్వుని కథ చెప్పుటలో న్యూనత ఏమియు లేదు. ఆయనయు లండనులో నేర్చి రాముని కథ చెప్పెను. బఠానీ మొలక నాటినుండి తెగకుండ సాధన సాగినచో నలుబది నాలుగేండ్లకు బడి పెట్టనక్కఱ లేకపోయెడిది గదా యని మాత్రము వెలితి.

అగ్గిపుల్లల చిత్రము పోయినదని విచారించు మనము తోలుబొమ్మలవిషయమున ఏమి చేయుచున్నామో చూచుకొనవలసియున్నది. వానలు కురియక చెఱువులు ఎండిన యేట బొమ్మలాట ఆడించినచో వాన పడునను నమ్మికతో రైతులు చందాలు వేసికొని ఆటగాండ్రను పిలిపించిన కాలము పెద్దలెఱుగుదురు. ఆ నమ్మిక మాట అట్లుండ, ఆటగాండ్రకు ఆ యేడు గడిచెడిది. మొదట డేరాసినిమా, ఆ పిదప ఇంటింటి దూరదర్శనము, ఇప్పుడు అఱచేతిలోని ఫోను ఆ జనమును లాగుకొన్నవి. ఫాల్కేగారు తెచ్చిన తెరయే తోలుబొమ్మల తెరను మింగినదని చెప్పినను అబద్ధము కాదు. బొమ్మలు చేయు చేతులు నిలిచినచోట్లను పని మారినది; అనంతపురము సీమలోని నిమ్మలకుంటవారు దీపముల గలేబులు చేసి అమ్ముకొని బ్రదుకుచున్నారు. ఆ గ్రామపు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. తోలు నిలిచినది, రంగు నిలిచినది. రాత్రి తెల్లవార్లు ఆడు ఆటయు, అందలి పద్యములును, పోలిగాని చతురోక్తులును వృద్ధుల నాలుకలమీద మాత్రమున్నవి.

వానిని పట్టియుంచుటకు నేడు జీవితభీమా తాకట్టు పెట్టనక్కఱలేదు, లండనుకు పోనక్కఱలేదు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల మోతుబరులు ఒక్క పెండ్లి దీపాలంకరణమునకు వెచ్చించునంతతో ఆటగాండ్రను రావించి, సంపూర్ణముగా నొక రామాయణమును తెల్లవార్లు ఆడించి, తెరముందునుండియు తెరవెనుకనుండియు చిత్రము పట్టింపవచ్చును. ఏ యింట ఎన్ని బొమ్మలున్నవో, ఎవరికి ఎన్ని ద్విపదలు కంఠస్థములో వ్రాసి జిల్లా గ్రంథాలయమున నుంపవచ్చును. ఈ పనికి గడువు చాల లేదు. పాతబడి చిరిగిన బొమ్మను అమ్ముకొనక నీటిలో విడుచు ఆచారము బొమ్మలాటవారిలో కలదు.